మావయ్యా, కొడాక్రోమ్ మనమే తయారు చేసుకుందామా?

పోయిన డిసెంబర్‌లో మా అక్క కొడుకు వచ్చి టేబుల్ మీద రెండు ఫిల్మ్ డబ్బాలు పెట్టాడు. రెండూ మా బావగారివి, రెండూ స్లైడ్ ఫిల్మ్‌లే, అంటే డెవలప్ చేశాక నేరుగా ప్రొజెక్టర్‌లో పెట్టి చూసుకునేవి. ఆయన పోయి నాలుగేళ్ళయింది. బీరువా అడుగు అర సర్దుతుంటే పాత ఎల్ఐసీ కాగితాల కింద అక్కకు దొరికాయట. ఒకటి కొడాక్రోమ్ 64. ఫిల్మ్ నాలుక పూర్తిగా లోపలికి చుట్టుకుపోయి ఉంది, అంటే ఫోటోలు తీసేసిన రోల్. రెండోది ఎక్టాక్రోమ్ 100. దాని నాలుక బయటే ఉంది, ఎవరూ వాడలేదు.

మావాడిది మద్రాసులో ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "మావయ్యా, నువ్వు ఇరవై ఆరేళ్ళు కలర్ ల్యాబ్‌లో చేశావు కదా. ఫార్ములాలన్నీ పేటెంట్లలో ఉన్నాయి. కొడాక్రోమ్ మనమే తయారు చేసుకుందామా?" అన్నాడు. నవ్వొచ్చింది, ఆపుకున్నాను. తెనాలి నుంచి మద్రాసు వచ్చిన కొత్తలో నేనూ ఇలాంటి మాటే మా కెమికల్ సెక్షన్ పెద్దాయన్ని అడిగాను. ఆయన నవ్వు ఆపుకోలేదు.

ఆ రోజు వాడికి చెప్పిందీ, ఆ తర్వాత నెల రోజుల పాటు ఇద్దరం కలిసి చేసిందీ ఇక్కడ రాస్తున్నాను. స్లైడ్ ఫిల్మ్ విషయంలో ఇంట్లో ఏది కాదు, ఏది అవుతుంది, అయ్యేదాన్ని మద్రాసు నీళ్ళతో, మద్రాసు ఉక్కలో ఎలా చేసుకోవాలి అన్నదే విషయం. చెన్నై అనడం నాకింకా అలవాటు కాలేదు, ఏమనుకోకండి.

ముందు డబ్బా చదవండి

పాత రోల్ దొరికితే చేతులు దురద పెడతాయి. ఆగండి. డబ్బా మీద ప్రాసెస్ పేరు, అంటే దాన్ని ఏ కెమికల్ పద్ధతిలో డెవలప్ చేయాలో, చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇ-6 అని ఉంటే రంగులు వచ్చే ఆశ ఉంది, ఆ కెమికల్స్ ఇప్పటికీ దొరుకుతాయి. ఇ-4 అని ఉంటే అది అంతకు ముందు తరానిది, 38 డిగ్రీల ఇ-6 కెమికల్స్‌లో వేస్తే పూత ఊడిపోయే ప్రమాదం ఉంది. కె-14 అని ఉంటే కొడాక్రోమ్. దానికి రంగులు ఇక రావనే అనుకోండి, బ్లాక్ అండ్ వైట్‌గా మాత్రం డెవలప్ చేయొచ్చు. సి-41 అయితే మామూలు కలర్ నెగెటివ్, ఈ కథకు సంబంధం లేదు. ఏమీ తెలియకపోతే విప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టి, తెలిసినవాళ్ళను అడగండి.

తయారు చేయడం ఎందుకు కుదరదు

ఇక్కడ మీ ఆశల మీద నీళ్ళు చల్లక తప్పదు.

నెగెటివ్ ఫిల్మ్ చిత్తు ప్రతి లాంటిది. తప్పు పోయినా దిద్దుకోవచ్చు. మా ల్యాబ్‌లో గ్రేడర్లు షాట్ షాట్‌కీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం లైట్లు పెంచి తగ్గించి, ఎండలో తీసినదాన్నీ మబ్బులో తీసినదాన్నీ ఒకే రోజు తీసినట్టు కలిపేవాళ్ళు. స్లైడ్‌కి ఆ సౌకర్యం లేదు. కెమెరాలో ఎక్కిన ఫిల్మే ప్రొజెక్టర్‌లో ఎక్కుతుంది. తెల్లని తెలుపు, నల్లని నలుపు, మనిషి ఒంటిరంగు అన్నీ ఆ ఫిల్మ్‌లోనే, మొదటిసారే, సరిగ్గా కుదరాలి. కొంచెం ఆకుపచ్చ మొగ్గితే పెళ్ళికూతురు కూడా జబ్బు మనిషిలా కనిపిస్తుంది. దిద్దే చెయ్యి మధ్యలో లేదు కాబట్టి, తయారీలో ఆ కొంచెం తేడా కూడా ఉండకూడదు.

పూతరేకు తెలుసుగా. ఆత్రేయపురంలో వేడి కుండ మీద ఒక్కో రేకే తీస్తారు, తర్వాత మడతలు పెడతారు. కలర్ స్లైడ్ ఫిల్మ్‌లో డజనుకు పైగా పొరలుంటాయి. ఎరుపును పట్టుకునేవి కింద, ఆకుపచ్చవి మధ్యలో, నీలానివి పైన. ఒక్కో రంగుకి మళ్ళీ చురుకైన పొర, నిదానమైన పొర. నీలం కాంతి కిందికి దిగకుండా మధ్యలో పసుపు ఫిల్టర్ పొర. పొరకీ పొరకీ మధ్య గోడలు. ఇన్ని పొరల్ని తడితడిగా ఒకదాని మీద ఒకటి పరవాలి, ఒకదాంట్లో ఒకటి కలవకూడదు, అంతా కటిక చీకట్లో జరగాలి. అన్నీ ఆరాక కలిపి కొలిస్తే తల వెంట్రుక మందంలో సగం కూడా ఉండవు.

ఈ పని చేసే కోటింగ్ మెషిన్ చిన్న సైజులో ఆలోచించదు. నాలుగడుగుల పైన వెడల్పున్న ప్లాస్టిక్ చుట్టను మైలు లెక్కన లాగుతుంది. పెళ్ళి గుండిగలో ఒక్కరికి సాంబారు కాచలేం కదా, అలాగే ఈ మెషిన్ మీద వంద రోల్స్ కావాలంటే కుదరదు. మెషిన్ కదిలిందంటే వేల వేల రోల్స్. అమ్ముడుపోకపోతే డేట్ అయిపోయి కూర్చుంటాయి.

మెషిన్ ఉన్నా సరుకు ఉండాలి. వెండి, బ్రోమైడ్, జెలటిన్ పెద్ద సమస్య కాదు. ఒక్కో పొరకి ఎరుపునో ఆకుపచ్చనో చూసే కళ్ళిచ్చే సెన్సిటైజింగ్ రంగులు, డెవలపర్ తగలగానే రంగు పుట్టించే కప్లర్లు, అవి పొర దాటి పారిపోకుండా పట్టి ఉంచే నూనెలు, ఇవి ఆ ఫిల్మ్ కోసమే తయారయ్యే సరుకులు. కొనేది ఒక్క కంపెనీ. ఆ కంపెనీ ఫిల్మ్ ఆపేస్తే సరుకు చేసేవాడూ ఆపేస్తాడు. మళ్ళీ కావాలంటే వాడి దగ్గర ఆ లైన్ ఉండదు. దగ్గరి సరుకు ఇంకోటి వేస్తే ఒక పొర స్పీడు, అంటే వెలుతురుకి స్పందించే చురుకు, మారుతుంది, దాంతో పక్క పొర కూడా మారుతుంది. అది సరిచేస్తే మూడోది కదులుతుంది.

జెలటిన్ మామూలు సరుకే అన్నాను. అదీ ఒకప్పుడు ఏడిపించింది. 1920లలో కొడాక్ వాళ్ళకి ఒక బ్యాచ్ జెలటిన్‌తో ఫిల్మ్ చురుగ్గా వచ్చేది, ఇంకో బ్యాచ్‌తో మొద్దుగా వచ్చేది. శామ్యూల్ షెపర్డ్ అనే వాళ్ళ శాస్త్రవేత్త తవ్వి చూస్తే, జెలటిన్‌లో అతి కొద్దిగా ఉండే ఒక గంధకపు పదార్థమే కారణమని తేలింది. అది ఆవాలలో ఉండేదే. ఆవకాయ కలిపేటప్పుడు ముక్కులోకి ఎక్కి కళ్ళ నీళ్ళు తెప్పిస్తుందే, ఆ ఘాటే. ఆవులు మేతలో ఆవ జాతి మొక్కలు తింటే, వాటి నుంచి చేసిన జెలటిన్‌లోకి అది వచ్చేది. పశువు తిన్న గడ్డి కూడా ఫార్ములాలో భాగమైన సరుకును పేటెంట్ కాగితం చూసి వంటింట్లో చేద్దామంటాడు మావాడు.

సొంత ఫ్యాక్టరీ ఉన్నవాళ్ళకే ఎంత కష్టమైందో చూడండి. కొడాక్ 2012లో ఎక్టాక్రోమ్ ఆపేసింది. మళ్ళీ తెస్తామని 2017 జనవరిలో చెప్పింది. అమెరికాలోని రోచెస్టర్‌లో అదే ఫ్యాక్టరీ, కలర్ నెగెటివ్ కోసం కోటింగ్ మెషిన్ అప్పటికీ నడుస్తూనే ఉంది, కెమిస్టులున్నారు. అయినా రోల్ చేతికొచ్చింది 2018 సెప్టెంబర్‌లో. దొరకని సరుకుల స్థానంలో కొత్తవి పెట్టి, ఫార్ములా మళ్ళీ కుదుర్చుకోవలసి వచ్చింది. ఫ్యూజీ వెల్వియా 50దీ అదే కథ. ముడిసరుకు దొరక్క 2005లో ఆపారు, వేరే సరుకులతో మళ్ళీ చేసి 2007లో తెచ్చారు. వెల్వియా 100 ఇంకా విడ్డూరం. దాని పొరల్లో ఒక ఫాస్ఫేట్ రసాయనం 0.0003 శాతం కన్నా తక్కువే ఉందని ఫ్యూజీ వాళ్ళే చెప్పారు. అమెరికాలో ఆ రసాయనం మీద నిషేధం రావడంతో 2021లో అక్కడ ఆ ఫిల్మ్ అమ్మకమే ఆగిపోయింది.

ఇటలీలో ఫెర్రానియా అనే ఫిల్మ్ కంపెనీ వాళ్ళున్నారు. పాత ఫ్యాక్టరీలో పరిశోధన కోసం వాడిన చిన్న కోటింగ్ మెషిన్‌ని కాపాడుకుని, స్లైడ్ ఫిల్మ్ చేస్తామని 2014లో జనం దగ్గర మూడు లక్షల డాలర్ల పైన చందాలు పోగుచేశారు. బిల్డింగ్‌లో ఆస్బెస్టాస్ బయటపడింది, పైపులు మార్చాలి, కరెంటు కనెక్షన్ చూడాలి. 2017లో చివరికి మొదట బయటికొచ్చింది బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్. వాళ్ళను తప్పు పట్టను, ఆ మాత్రం చేయడమే గొప్ప. మన దగ్గర ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఉండేది, 1960లో పెట్టిన ప్రభుత్వ కంపెనీ. దుమ్ము లేని చల్లగాలి కోసం అంత ఎత్తున పెట్టారు. ఇందు బ్రాండ్ బ్లాక్ అండ్ వైట్ రోల్స్ నా వయసు ఫోటోగ్రాఫర్లందరూ వాడినవే. అదీ మూతపడింది.

మరి కొడాక్రోమ్ సంగతి? అది వేరే జాతి. 1935లో దాన్ని కనిపెట్టింది లియోపోల్డ్ గొడౌస్కీ, లియోపోల్డ్ మానెస్ అనే ఇద్దరు సంగీత విద్వాంసులు. ఒకరు వయొలిన్, ఒకరు పియానో. డార్క్‌రూమ్‌లో గడియారం కనబడదు కాబట్టి పాట ఈల వేసుకుంటూ టైమ్ లెక్కపెట్టేవాళ్ళట. వాళ్ళ ఫిల్మ్‌లో రంగు పుట్టించే కప్లర్లు ఉండవు. నిజానికి మూడు రకాల బ్లాక్ అండ్ వైట్ పొరలంతే. రంగులన్నీ ప్రాసెసింగ్‌లో బయటి నుంచి ఎక్కుతాయి. ముందు నెగెటివ్ డెవలప్ చేయాలి. తర్వాత వెనక నుంచి ఎర్ర లైటు వేసి అడుగు పొరకి సయాన్, అంటే నీలి ఆకుపచ్చ, ఎక్కించాలి. పై నుంచి నీలం లైటు వేసి పసుపు ఎక్కించాలి. మిగిలిన మధ్య పొరను కెమికల్‌తోనే రేపి మజెంటా, అంటే ముదురు గులాబీ, ఎక్కించాలి. మూడు రంగులకి మూడు డెవలపర్లు, పక్కన పూటపూటా టెస్ట్ చేసే కెమిస్టు. ఫిల్మ్ తయారీ 2009లో ఆగింది. ప్రపంచంలో చివరగా మిగిలిన ల్యాబ్ అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని పార్సన్స్ అనే చిన్న ఊళ్ళో ఉండేది. రోల్స్ తీసుకోవడానికి వాళ్ళు పెట్టిన ఆఖరి రోజు 2010 డిసెంబర్ 30. ఆ తర్వాత ఇంట్లో ప్రయత్నించి రంగులు రప్పించిన మొండివాళ్ళు ఒకరిద్దరు లేకపోలేదు. నేను ఆ పని పెట్టుకోను, మిమ్మల్నీ పెట్టుకోమనను.

చేత్తో రంగు పుట్టించాలన్న కోరిక అంతగా ఉంటే ఒక దారుంది. కదలని వస్తువుని ట్రైపాడ్ మీద నుంచి బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌పై మూడు సార్లు తీయండి. ఒకటి ఎర్ర ఫిల్టర్‌తో, ఒకటి ఆకుపచ్చతో, ఒకటి నీలంతో. మూడూ స్కాన్ చేసి కంప్యూటర్‌లో ఆయా రంగుల్లో కలపండి. 1861లో మాక్స్‌వెల్ అనే భౌతిక శాస్త్రవేత్త లండన్‌లో చూపించింది ఇదే సూత్రం. మధ్యలో మబ్బు కదిలితే మూడు రంగుల మబ్బు వస్తుంది, బాగానే ఉంటుంది.

ఉన్న ఫిల్మ్‌ని తీయడం

ఇవాళ కొత్తగా కొనగలిగేవి కొడాక్ ఎక్టాక్రోమ్ ఇ100, ఫ్యూజీ వెల్వియా, ప్రోవియా, అవీ దొరికినప్పుడే. ఒక్క రోల్ డబ్బుతో ఇంట్లోకి నెలకు సరిపడా కందిపప్పు, చింతపండు, మినప్పప్పు వస్తాయి. అందుకే మొదటి ప్రాసెసింగ్ బావగారి వాడని రోల్ మీద చేశాం, పోతే పోయిందని.

పాత నెగెటివ్ ఫిల్మ్‌కి పదేళ్ళకో స్టాప్ ఎక్కువ ఇవ్వమని అందరూ చెబుతారు, ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు. స్లైడ్‌కి అది పెట్టకండి. ముసలి స్లైడ్ ఫిల్మ్‌లో నలుపే ముందు చస్తుంది. మీరు ఎక్స్‌పోజర్ పెంచినకొద్దీ బొమ్మ ఇంకా పలచబడుతుంది. సగం స్టాప్ పెంచితే చాలు. కొత్త ఫిల్మ్‌కైతే డబ్బా మీద ఉన్న స్పీడే.

ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బాని వెంటనే తెరవకండి. దోసెపిండి గిన్నె బయట పెడితే ఎలా చెమట పడుతుందో ఫిల్మ్ మీదా అలాగే పడుతుంది. మద్రాసు గాలిలో కనీసం గంట ఆగాలి.

మేం ఆదివారం పొద్దున ఆరున్నరకి మైలాపూర్ కోనేటి గట్టుకి వెళ్ళాం. కపాలీశ్వర గోపురం మీద ఉన్నన్ని రంగులు ఒక్కచోట ఇంకెక్కడ దొరుకుతాయి? ఎనిమిదిన్నర దాటితే కెమెరా మూసేయండి. మద్రాసు పైఎండలో నీడలు బొగ్గు, తెలుపులు సున్నం, మధ్యలో ఏమీ ఉండదు. స్లైడ్‌లో తెలుపు ఒకసారి కాలిపోతే అక్కడ ఖాళీ ప్లాస్టిక్ తప్ప ఇంకేం మిగలదు. అందుకని మీటర్ తెల్ల పంచె మీద పెట్టి చూడండి, అది చెప్పినదానికన్నా ఒకటిన్నర స్టాప్ ఎక్కువ ఇవ్వండి. పంచె పంచెలా వస్తుంది, మడతలు కనిపిస్తాయి. నీడల సంగతి దేవుడికి వదిలేయండి. నెగెటివ్ అలవాటున్నవాళ్ళకి ఇదే కష్టం, వాళ్ళు ఎప్పుడూ నీడకే కొలుస్తారు.

ఇంట్లో ఇ-6

అసలు ఇ-6లో ఆరేడు స్నానాలున్నాయి. ఇంట్లోకి మూడు స్నానాల కిట్లు వస్తాయి: ఫస్ట్ డెవలపర్, కలర్ డెవలపర్, బ్లిక్స్. బ్లీచ్, ఫిక్సర్ కలిపితే బ్లిక్స్.

లోపల జరిగేది తెలిస్తే తప్పులు తగ్గుతాయి. ఫస్ట్ డెవలపర్ మామూలు బ్లాక్ అండ్ వైట్ డెవలపరే. వెలుతురు పడ్డచోటల్లా వెండి నల్లబడుతుంది, అది నెగెటివ్. కలర్ డెవలపర్ మిగిలిన వెండిని, అంటే వెలుతురు పడనిచోట ఉన్నదాన్ని పట్టుకుని, దాని పక్కనే రంగు పుట్టిస్తుంది, అది పాజిటివ్. బ్లిక్స్ వెండి మొత్తం తీసేస్తుంది. పూర్తయిన స్లైడ్‌లో ఒక్క రవ్వ వెండి ఉండదు, ఒట్టి రంగులే. కాబట్టి ఫస్ట్ డెవలపర్ ఎక్కువైతే స్లైడ్ పలచనవుతుంది, తక్కువైతే చీకటవుతుంది. నెగెటివ్‌కి సరిగ్గా తలకిందులు. మొత్తం అదృష్టం ఆ ఆరేడు నిమిషాల్లోనే ఉంది.

దానికి కావలసింది 38 డిగ్రీలు. మద్రాసువాళ్ళకి ఇది వరం. మే నెల కత్తిరి ఎండల్లో మధ్యాహ్నం రెండింటికి మేడమీది నల్ల ట్యాంకు నీళ్ళు దాదాపు అంతే ఉంటాయి. ఆ ధీమాతోనే నేను ఒకసారి చెడగొట్టుకున్నాను. రిటైరైన కొత్తలో, ఒక షాపులో కొన్న థర్మామీటర్ 38 చూపిస్తుంటే కుళాయి నీళ్ళతోనే కానిచ్చేశాను. స్లైడ్లన్నీ ఉతికి ఉతికి వెలిసిన చీరలా వచ్చాయి. తర్వాత చూస్తే ఆ థర్మామీటర్ డిగ్రీన్నర తక్కువ చూపిస్తోంది. ఇరవై ఆరేళ్ళు రోజూ కంట్రోల్ స్ట్రిప్, అంటే పరీక్షకి వేసే ఫిల్మ్ ముక్క, చూడనిదే మెషిన్ నడపనివాణ్ణి, ఇంట్లో మాత్రం చెక్ చేయలేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్ ప్రతి ఇంట్లో ఉంటుంది. అది 42 లోపు నమ్మకంగా పనిచేస్తుంది. గ్లాసు నీళ్ళలో దాన్నీ, మీ ల్యాబ్ థర్మామీటర్‌నీ కలిపి ముంచండి. ఫారెన్‌హీట్‌లో 100.4 అంటే మనకు కావలసిన 38. రెండింటికీ తేడా ఎంతో ఒక కాగితం మీద రాసి సీసాకి అంటించండి. నూట ఒకటి లోపు జ్వరం అని మా ఇంట్లో దానికి పేరు.

కెమికల్ కలపడానికి బోరు నీళ్ళు వద్దు. మా వడపళని బోరు నీళ్ళతో పప్పే ఉడకదు. 20 లీటర్ల బబుల్‌టాప్ క్యాన్ ఒకటి పక్కన పెట్టుకోండి. కడగడానికి మామూలు నీళ్ళు ఫర్వాలేదు, చివరి కడుగు మాత్రం క్యాన్ నీళ్ళతో.

ఫిల్మ్‌ని రీల్ మీద ఎక్కించడం రాత్రి పది దాటాక, ఏసీ గదిలో, తలుపు సందులకి దుప్పట్లు పెట్టి చేయండి. నల్ల సంచిలో చేతులు పెట్టి చేసే పద్ధతి ఇక్కడ పనికిరాదు. రెండు నిమిషాల్లో చేతులు చెమటలు పట్టి, ఫిల్మ్ సగం దూరం వెళ్ళి అతుక్కుపోతుంది. ప్లాస్టిక్ రీల్‌లో ఒక్క నీటి చుక్క ఉన్నా అంతే. ముందే డ్రయ్యర్‌తో ఆరబెట్టుకోవాలి. పనికిరాని రోల్‌తో కళ్ళు మూసుకుని పదిసార్లు ప్రాక్టీస్ చేయమని మావాణ్ణి కూర్చోబెట్టాను. ఏడోసారికి వచ్చింది.

రీల్‌ని డెవలపింగ్ ట్యాంకులో పెట్టి మూత పడ్డాక లైటు వేసుకోవచ్చు. పెద్ద టబ్‌లో 39 డిగ్రీల నీళ్ళు పోసి, మూడు సీసాలూ ట్యాంకూ మెడ దాకా ముంచి పెట్టండి. మగ్గు వేడినీళ్ళు పక్కన ఉంచుకోండి, టబ్ చల్లబడుతుంటే కలుపుతూ ఉండాలి. ముందు 38 డిగ్రీల మామూలు నీళ్ళు ట్యాంకులో పోసి రెండు నిమిషాలు ఉంచి పారబోయండి. లేకపోతే చల్లటి ట్యాంకు తగిలి డెవలపర్ ఒక డిగ్రీ పడిపోతుంది. ఇక ఫస్ట్ డెవలపర్. మా కిట్ కాగితంలో ఆరున్నర నిమిషాలు, మీ కిట్ కాగితంలో ఎంతుంటే అంత. మొదటి పావు నిమిషం ఆపకుండా తిప్పాలి, తర్వాత అర నిమిషానికోసారి రెండు సార్లు తలకిందులు చేయాలి. పారబోయడానికి పది సెకన్లు పడుతుంది, అది కూడా లెక్కలో కలుపుకోండి. ఆ తర్వాత 38 డిగ్రీల నీళ్ళతోనే ఆరేడు సార్లు నింపి, ఊపి, వంచాలి. కలర్ డెవలపర్ ఆరు నిమిషాలు, మళ్ళీ కడుగు. బ్లిక్స్ పది నిమిషాలు. బ్లిక్స్ వేశాక ట్యాంకులో గ్యాస్ పుడుతుంది, మూత అంచు అప్పుడప్పుడు కొంచెం ఎత్తి వదలండి, లేకపోతే షర్టు మీద గోధుమ మరక ఖాయం, అది పోదు. కలర్ డెవలపర్ ఒంటికి పడని మందు, దురద పట్టుకుంటే వదలదు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. కిటికీ తెరిచి ఉంచండి. ఆడవాళ్ళు వాడే గిన్నెలూ గరాటాలూ అడగకండి, విడిగా కొనుక్కోండి.

మూడు సీసాలకి మూడు గరాటాలు, మూడు రంగుల మూతలు. కలర్ డెవలపర్ గానీ బ్లిక్స్ గానీ ఫస్ట్ డెవలపర్‌లో ఒక్క చుక్క పడితే కాచిన పాలలో మజ్జిగ పడ్డట్టే, ఆ సీసా మొత్తం పోయినట్టే.

బ్లిక్స్ కడిగాక మూత తీస్తారు. అప్పుడు ఫిల్మ్ పాలు కలిపినట్టు తెల్లగా, మసకగా, నీలంగా కనిపిస్తుంది. మావాడి మొహం మాడిపోయింది. "అయిపోయిందా మావయ్యా?" అన్నాడు. టెన్షన్ పడకండి, తడి స్లైడ్ అలాగే ఉంటుంది, ఆరితే తేటపడుతుంది. చివర స్టెబిలైజర్‌లో, అంటే రంగులు నిలవడానికి వాడే ద్రావణంలో, ఒక నిమిషం ముంచండి, తర్వాత కడగొద్దు. బాత్‌రూమ్‌లో అయిదు నిమిషాలు షవర్ వదిలి దుమ్ము అణిగాక, అక్కడే క్లిప్పులతో వేలాడదీసి తలుపు మూసేయండి. ఫ్యాన్ కింద పెడితే ఊళ్ళో దుమ్మంతా దానిమీదే ఉంటుంది. డిసెంబర్‌లో మాకు నాలుగు గంటలు పట్టింది.

ఆరాక నలుపులు బురదగా, పసుపుగా ఉంటే బ్లిక్స్ చాలలేదని అర్థం. మళ్ళీ వేస్తే సరిపోతుంది, ఈ ఒక్క తప్పుకే మందుంది. బావగారి పాత ఎక్టాక్రోమ్ మాకు ఊహించినట్టే వచ్చింది. నలుపులన్నీ వంకాయ రంగు, ఆకాశం గులాబీ. అయినా గోపురం మీద బొమ్మల పసుపూ ఆకుపచ్చా మాత్రం భలే నిలబడ్డాయి.

వాడేసిన బ్లిక్స్‌ని సింకులో వంచకండి. దాంట్లో వెండి ఉంది, చేపలకీ మొక్కలకీ విషం. ఎక్స్‌రే సెంటర్ల దగ్గర పాత హైపో, అంటే వాడేసిన ఫిక్సర్, కొనుక్కెళ్ళేవాళ్ళుంటారు, వాళ్ళకిచ్చేయండి.

స్లైడ్లకి మద్రాసులో అసలు శత్రువు బూజు. స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి. రెండు నెలలకోసారి ఆ గింజల్ని మూకుట్లో సన్నసెగ మీద వేయించి మళ్ళీ వేయండి. ప్రొజెక్టర్‌లో ఒక్కో స్లైడ్‌ని పది సెకన్లకు మించి నిలపొద్దు. కొడాక్రోమ్ చీకట్లో దాచితే తరాలు నిలుస్తుంది గానీ, ప్రొజెక్టర్ లైటు కింద ఎక్టాక్రోమ్ కన్నా తొందరగా వెలిసిపోతుంది.

బావగారి కొడాక్రోమ్

ఇది బ్లాక్ అండ్ వైట్‌గానే. డెవలపర్ డి-76, నీళ్ళు కలపకుండా, 20 డిగ్రీల్లో తొమ్మిది నిమిషాలు ఇచ్చాను. ఇక్కడ మద్రాసు ఎదురు తిరుగుతుంది. కలర్‌కి కావలసిన 38 కుళాయిలోనే వస్తుంది, బ్లాక్ అండ్ వైట్‌కి కావలసిన 20 మాత్రం డిసెంబర్‌లో కూడా రాదు. ఐస్‌ముక్కలు పాల కవర్లో వేసి, మూతి ముడి వేసి టబ్‌లో వదలండి. నేరుగా డెవలపర్‌లో వేస్తే పలచబడుతుంది. వేడి నీళ్ళలో చేద్దామన్న ఆలోచన వద్దు, ముసలి పూత మెత్తబడి జారిపోతుంది.

ఫిక్సర్ అయ్యాక కూడా ఫిల్మ్ నల్లగానే ఉంటుంది. భయపడొద్దు, అది వెనక ఉన్న రెమ్‌జెట్, మసి పూత. సినిమా నెగెటివ్‌కీ అదే ఉండేది, మా ల్యాబ్‌లో మెషిన్ మొదట్లోనే దాన్ని నానబెట్టి, నీళ్ళు చిమ్మి తుడిచేసేది. ఇంట్లో ఆ మెషిన్ మీ వేలే. లీటరు నీళ్ళలో రెండు చెంచాల వాషింగ్ సోడా కలిపి, ఫిల్మ్‌ని ఒక నిమిషం ముంచండి. నిగనిగలాడే వైపు పైకి వచ్చేలా బోర్లించిన స్టీలు పళ్ళెం మీద పరిచి, తడి స్పాంజితో ఒకే దిక్కుగా తుడవండి. కాటుకలా ఊడొస్తుంది. రెండో వైపు వేలు తగలనివ్వకండి, బొమ్మ ఉన్నది అటే. స్పాంజిని ప్రతి తుడుపుకీ కడగాలి, లేకపోతే మసి మళ్ళీ అంటుకుంటుంది. మాకు ముప్పావు గంట పట్టింది. ఫిల్మ్ లోపలి పసుపు ఫిల్టర్ పొర కూడా వెండే కాబట్టి అది పోదు. నెగెటివ్ ముదురు గోధుమ రంగులో ఉంటుంది, స్కాన్ చేసేటప్పుడు వెనక లైటు బాగా పెంచుకోవాలి.

36 ఫ్రేముల్లో 11 కనిపించాయి. మహాబలిపురం. సముద్రపు గుడి ముందు అక్క, చంకలో ఏడాది పిల్లాడు, అంటే మావాడే. పక్కన నేను, నెత్తి నిండా జుట్టుతో. కంప్యూటర్‌లో పెద్దది చేసి అక్కకి చూపించాం. ఫోటోలో తన చీర నెమలికంఠం రంగంది, కంచిలో కొన్నామంది. నాకు గుర్తున్నంతలో అది వంగపండు రంగు. స్క్రీన్ మీద మాత్రం బూడిద రంగు. మావాడు ఇద్దరి వైపూ చూసి, నెమలికంఠమైతే ఎర్ర ఫిల్టర్‌లో ఎలా వచ్చేదో, వంగపండైతే ఎలా వచ్చేదో తేల్చేస్తానని లెక్కలు మొదలుపెట్టాడు. ఫిల్మ్ మీద ఆ ఫిల్టర్ ఎవరూ పెట్టలేదురా అంటే వినడే. అక్క లేచి బీరువా మిగతా అరల్లో ఇంకేమైనా రోల్స్ ఉన్నాయేమో చూడ్డానికి వెళ్ళింది.